మోకాలి మీద బొట్టు బిళ్ళ

పోయిన వారం గడ్‌చాందూర్ నుంచి ఒక లారీ డ్రైవరు వచ్చాడు. సిమెంటు లోడు దగ్గర కాలు జారి కుడి మోకాలు మెలిపడింది, ఆపరేషన్ అయింది, ఇప్పుడు మోకాలు పూర్తిగా మడత పడటం లేదు. చంద్రపూర్‌లో మా ఫిజియోథెరపీ సెంటరుకు ఇలాంటివాళ్లు రోజూ వస్తారు. బల్ల మీద పడుకోమన్నాను. పడుకునే ముందు చొక్కా జేబులోంచి ఆడవాళ్ల బొట్టు బిళ్ళల అట్ట తీసి నా చేతిలో పెట్టాడు.

"టిక్లీ తెచ్చిన మేడం, పెట్టుండ్రి" అన్నాడు.

నాకు ఒళ్లు భగ్గుమంది. ఇదెవరు నేర్పారని అడగలేదు, అడగాల్సిన పనేముంది! తుంటి ఎముక మీద ఒకటి, మోకాలి బయటి గడ్డ మీద ఒకటి, చీలమండ మీద ఒకటి అంటించాలని తనే వేలు పెట్టి చూపించాడు. ఎప్పుడో ఎడమ మోకాలికి, ఒకప్పుడు నా పక్క బల్ల దగ్గర పని చేసిన ఆమె దగ్గర వైద్యం చేయించుకున్నాడట. మోకాలు కొలిచేటప్పుడు నంబరు చదవడానికి ఇంకో మనిషిని పిలవరా అని కూడా అడిగాడు. నేనే కొలుస్తాను, నేనే చదువుతాను అన్నాను. ఆ మేడం లేదా అని తలుపు వైపు చూశాడు. లేదు, ఊరు విడిచి వెళ్లింది అంటే, నా ముఖం మీదే "అయ్యో" అన్నాడు.

చూశారా, మనిషి వెళ్లిపోయి ఏళ్లు గడిచినా ఈ జిల్లా మోకాళ్లలోంచి మాత్రం కదల్లేదు. నేను ఇక్కడే ఉన్నాను. ఆమె రాకముందు నుంచీ ఉన్నాను. నా పద్ధతి ఇదని చెప్పి బొట్టు బిళ్ళలు కాదు కదా, దూది ఉండ తెచ్చినవాడు కూడా ఇంతవరకు లేడు.

ఆమె మా సెంటరులో చేరేనాటికి చంద్రపూర్‌లో ఎముకల డాక్టర్లు నా పేరు చెప్పి మనుషులను పంపేవాళ్లు. ఆమె నాకంటే చిన్నది. పుట్టిల్లు రాజురా, వాళ్ల నాన్నకు బట్టల దుకాణం. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి ఘుగ్గుస్ బొగ్గు గనికి వచ్చినవాడు. వాళ్లు గల్లా ముందు కూర్చున్న తెలుగువాళ్లు, మేం గని దిగిన తెలుగువాళ్లం అని మొదటి రోజు పోహా తింటూ ఇద్దరం నవ్వుకున్నాం. నన్ను అక్కా అని పిలిచింది. ఆ ఒక్క రోజు ఆమె నాకు నచ్చింది. మర్నాడు ఆమె పని చేస్తుంటే చూశాను. ఇక నచ్చలేదు.

ఎవరినైనా ముట్టుకునే ముందు రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకునేది. తర్వాత చేతిని తన చెంపకు ఆనించి చూసుకునేది, వేడెక్కిందా లేదా అని. మే నెలలో చంద్రపూర్ ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఇది ఎంత విడ్డూరమో అర్థమవుతుంది. కూలర్ ముందు నిలబడినా చెమట ఆగదు, ఈమె చేతులు రుద్దుకుంటోంది! ఈ ఎండల్లో చల్లటి చెయ్యి తగిలితే హాయే కదా తల్లీ అన్నాను. చల్లటి చెయ్యి తగిలితే మనిషి ఉలిక్కిపడతాడని, ఉలిక్కిపడితే కండ బిగుస్తుందని, అప్పుడు కొలిచేది ఉలికిపాటునే అవుతుందని చెప్పింది. నాకే పాఠం చెప్పింది. విన్నవాళ్లంతా మర్నాటి నుంచి చేతులు రుద్దుకోవడం మొదలుపెట్టారు. నేను మాత్రం రుద్దలేదు.

మా పనిముట్టు చాలా చిన్నది. రెండు ప్లాస్టిక్ పట్టీలు, వాటి మధ్య డిగ్రీల చక్రం. చూడటానికి బడిపిల్లల పెట్టెలోది అనుకుంటారు. ఒక పట్టీ తొడ వెంట, ఇంకోటి పిక్క వెంట ఆనించి మోకాలు ఎంత మడత పడిందో చదవాలి. వినడానికి ఇంతే. కానీ ఎముక చర్మం కింద ఉంటుంది, బయటికి కనపడదు. నేను వేలు పెట్టిన చోట మీరు పెట్టరు. అదే మోకాలు నాకు తొంభై చూపిస్తుంది, మీకు తొంభై ఏడు చూపిస్తుంది. రేపు పొద్దున నాకే తొంభై నాలుగు చూపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇది మా వృత్తిలో అందరికీ తెలిసిందే, తెలిసినా ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆమె పట్టించుకుంది. అందుకే ఆ బొట్టు బిళ్ళలు. ఎముకను వేలితో వెతికి పట్టుకుని, దొరికిన చోట బిళ్ళ అంటించి, పట్టీని బిళ్ళ నుంచి బిళ్ళకు గీత గీసినట్టు పెట్టేది.

సాస్తి గనిలో డంపరు నడిపే ఒకాయన ఒకసారి బిళ్ళలు తీయడం మరిచి ఇంటికి వెళ్లాడు. తొడ పైన ఎర్ర బొట్టు బిళ్ళ చూసి వాళ్లావిడ ఊరుకుంటుందా? మర్నాడు పొద్దున్నే సెంటరుకు వచ్చింది, ఆ బిళ్ళ ఎవరిదో చూద్దామని. ఈమె ఏమీ సంజాయిషీ చెప్పలేదు. రామ్మా అని పక్కన నిలబెట్టుకుని, ఆవిడ వేలు పట్టుకుని మొగుడి మోకాలి ఎముక తడిమించి, ఆ బిళ్ళ ఆవిడ చేతనే అంటింపజేసింది. కొట్లాటకు వచ్చిన మనిషి మరుసటి వారం సంతలోంచి రకరకాల రంగుల అట్టలు కొని తెచ్చి ఇచ్చింది. అవే మనుషులు, అవే మోకాళ్లు నా బల్ల మీదికీ వస్తాయి. నా దగ్గర ఇలాంటివి ఎందుకు జరగవు?

అంతకంటే విడ్డూరమైన అలవాటు ఇంకోటి ఉండేది. ఆ చక్రానికి తన వైపు అంకెలు కనపడకుండా తెల్లటి ప్లాస్టరు అంటించుకుంది. పట్టీలు సరిచేసి పెట్టడం ఆమె వంతు, అవతల నిలబడి నంబరు చదవడం ఇంకొకరి వంతు. పోయిన వారం ఎంత ఉందో కొలిచేదాకా చూసేది కాదు. ఎందుకమ్మా ఈ గంతలు అని అడిగితే, "నిన్నటిది చూస్తే నా కన్ను దానికంటే ఎక్కువే చూస్తదక్కా" అంది.

ఆ మాట నాకు సూటిగా తగిలింది. నా దగ్గరికి వచ్చేవాళ్లకు వారం వారం నంబరు పెరిగేది. నేనేం అబద్ధం రాయలేదు. పట్టీ రెండు గీతల మధ్య ఆగితే ఏ గీతకు మొగ్గాలో మనసు చెబుతుంది, నా మనసు మంచిది. అంత దూరం నుంచి బస్సెక్కి కుంటుకుంటూ వచ్చినవాడికి రెండు డిగ్రీలు పెరిగిందంటే వాడి ముఖం వెలిగిపోతుంది. ఆమె మాత్రం "ఈ వారం తగ్గింది" అని ముఖం మీదే చెప్పేది. తగ్గిందని చెప్పి, మందలించకుండా, ఈ వారమంతా ఈ కాలితో ఏమేం పనులు చేశావు అని అడిగేది. మనుషులు ఏడ్చేవాళ్లు. ఏడ్చి మళ్లీ ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు! పెరిగిందని చెప్పే నన్ను వదిలి, తగ్గిందని చెప్పే ఆమె బల్ల ముందు వరస కట్టేవాళ్లు. ఈ లెక్క నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సెంటరు నడిపే సారు మరాఠీ ఆయన. ఆయన కుడి మోచేతిని పూర్తిగా చాపలేరు, పూర్తిగా మడవనూ లేరు. ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఎవరూ రాకపోతే ఆ మోచేతిని బల్ల మీద పెట్టి, మా నలుగురినీ ఒక్కొక్కరుగా కొలవమన్నారు, నంబరు ఆయన చెవిలో చెప్పాలి; ఆమె కొలిచింది మాత్రం అవతలి వైపు నుంచి ఆయనే చదువుకున్నారు. టీ తాగాక మళ్లీ కొలిపించారు. నలుగురికీ నాలుగు రకాలు వచ్చాయి. రెండోసారి ముగ్గురి నంబర్లు మారాయి, ఆమెది మారలేదు. నాది మారిన మాట నిజమే. వేడి టీ తాగాక ఎవరి చెయ్యి మాత్రం కుదురుగా ఉంటుంది? సారు అందరి ముందూ ఆమెను మెచ్చుకున్నారు. మెచ్చుకుంటుంటే ఆమె వింటేనా! "చొక్కా గుండీలు ఎట్ల పెట్టుకుంటున్నరు సార్?" అని హిందీలో అడిగింది. పై గుండీ ఇంట్లో వాళ్లు పెడతారని ఆయన చెప్పారు. అన్నేళ్లు ఆయన కింద పని చేసిన మేమెవరమూ ఆ మాట అడగలేదు. నేనింకా నా నంబరు ఎందుకు మారిందా అనే ఆలోచనలోనే ఉన్నాను.

ఆ రోజు నుంచి సెంటరులో కొత్త పద్ధతి వచ్చింది. ఒక మనిషిని మొదట ఎవరు కొలిస్తే చివరిదాకా వాళ్లే కొలవాలి, మధ్యలో చెయ్యి మారకూడదు.

ఇదంతా ఓర్చుకున్నాను. కడుపు నిజంగా మండింది మా అమ్మ విషయంలో.

నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. బాత్రూంలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు ఉన్నన్నాళ్లూ భయంతో భుజం కూడా కదపలేదు. అసలే షుగర్ మనిషి, కట్టు విప్పేసరికి భుజం బిగుసుకుపోయింది. జడ అల్లుకోలేదు, జాకెట్టు తొడుక్కోలేదు. ఎముకల డాక్టరు చూసి, వ్యాయామం చేయించండి, వానలు పడేనాటికి చెయ్యి నూట ఇరవై డిగ్రీలు లేస్తే సరే, లేకపోతే మత్తిచ్చి బలవంతంగా లేపి భుజం విడిపించాలి అన్నాడు. మత్తు అనగానే అమ్మ ముఖం పాలిపోయింది. మా పెద్దమ్మ చిన్న ఆపరేషనుకని మత్తు తీసుకుని మళ్లీ కళ్లు తెరవలేదు. అప్పటి నుంచి అమ్మకు మత్తన్నా చావన్నా ఒకటే. దేవుడి పటం ముందు నిలబడితే కోరేది ఒక్కటే, మత్తు వద్దని.

ఇంట్లో ఫిజియోను పెట్టుకుని భయమేంటని ధైర్యం చెప్పాను. రోజూ నేనే చేయించాను. కుర్చీలో కూర్చోబెట్టి నేనే కొలిచాను. నూటపదికి వచ్చింది. సంబరంగా చెప్పాను. అమ్మ మాత్రం, మరి పోపుల డబ్బా ఎందుకు అందడం లేదని అడిగింది. అందుతుంది, కొంచెం ఓపిక పట్టు అన్నాను.

ఓపిక పట్టలేదు. ఒక రోజు నేను ఘుగ్గుస్‌లో వైద్య శిబిరానికి వెళ్లి వచ్చేసరికి, అమ్మ ఆటో ఎక్కి తనంతట తాను సెంటరుకు వచ్చి ఆమె బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉంది. భుజం మీద ఆకుపచ్చ బొట్టు బిళ్ళ. అవతల నిలబడినవాళ్లు తొంభై అయిదు అని చదువుతున్నారు.

సెంటరు అని కూడా చూడలేదు, నోటికి వచ్చింది అనేశాను. నా లెక్క తప్పంటావా, మా ఇంటి మనిషిని నువ్వెలా ముట్టుకున్నావు అని. ఆమె గొంతు పెంచలేదు.

"తప్పనలేదక్కా. నువ్వు కూసోబెట్టి చూసినవ్, నేను పండబెట్టి చూసిన. కూసుంటే నడుము ఎనకకు వంగుతది, చెయ్యి ఎక్కువ లేచినట్టు కనవడ్తది. నీది నువ్వు చూసినంత మట్టుకు నిజమే. కాని నీదో వారం, నాదో వారం కలిపి చెప్తే డాక్టర్‌కు ఏం తెల్వది. ఒక్కలే కొలవాలె."

అంతటితో ఆగితే బాగుండేది. అమ్మ వైపు తిరిగి, "నీ బిడ్డనా, నేనా, నువ్వే చెప్పమ్మా. ఎవరైనా మంచిదే" అంది.

అమ్మ నా ముఖం చూసింది. నాకు సమాధానం తెలుసనే అనుకున్నాను.

"నువ్వు నాకు నొప్పి కావద్దని చూస్తవ్ బిడ్డా" అంది అమ్మ. "ఈ బిడ్డ చెయ్యి ఎంత లేస్తదో చూస్తది. ఈమెనే కొలవనియ్యి."

ఆమెను కూడా బిడ్డా అంది. నన్ను పిలిచే పిలుపే! ఆ రాత్రి నేను అన్నం తినలేదు. అమ్మ తినమని బతిమాలింది. ఆకలి లేదన్నాను.

తర్వాత నుంచి అమ్మ వారం వారం సెంటరుకు ముస్తాబై వచ్చేది. సర్వపిండి చేయించి డబ్బాలో పెట్టుకుని వచ్చేది, ఆమె కోసం. చేయించేది ఎవరితో? నాతోనే. ఇంకా చోద్యం, నంబరు చదవడానికి ఆమె నన్నే పిలిచేది. ఇంకెవరినైనా పిలుచుకో అన్నాను. "నీకు కోపమొస్తది గాని నంబర్ మార్చవు" అంది. అది పొగడ్తో దెప్పిపొడుపో తేల్చుకోలేక వెళ్లి నిలబడ్డాను. అమ్మ చెయ్యి ఆమె పట్టుకునేది. నేను అవతల నిలబడి ప్లాస్టిక్ ముక్క చదివేదాన్ని. నొప్పి పుట్టినప్పుడు అమ్మ మొహం ఆమె వైపే తిప్పేది.

ఆకాశంలో మబ్బులు కనపడ్డాయి. డాక్టరుకు ఆ సాయంత్రం ఫోను చేసి చెప్పాలి. అమ్మ ఆ రోజు పొద్దున్నుంచి ఏమీ తినలేదు, కళ్లు మూసుకుని బల్ల మీద పడుకుంది. ఆమె చేతులు రుద్దుకుంది, బిళ్ళలు అంటించింది, అమ్మ చెయ్యిని మెల్లగా పైకి పంపి పట్టీలు ఆనించింది. "చదువక్కా" అంది.

నూటపదిహేడు.

నూట ఇరవై అంటే చాలు. ఆమెకు కనపడదు, అమ్మ కళ్లు మూసుకుని ఉంది. ఆ మాటతో అమ్మకు మత్తు తప్పుతుంది. నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె పట్టీలు కదలకుండా పట్టుకుని, నా వైపు చూడకుండా, గోడ వైపు చూస్తూ నిలబడింది. నన్ను అంత నమ్మి గోడ వైపు చూడటం నాకు ఎంత కోపం తెప్పించిందో చెప్పలేను. "నూటపదిహేడు" అన్నాను.

అమ్మ కళ్లు తెరవలేదు, నీళ్లు మాత్రం చెవుల్లోకి కారాయి. మా అమ్మను ఆపరేషన్ బల్ల ఎక్కించింది నా నోరే అనుకున్నాను.

ఆమె కాసేపు ఆగి మళ్లీ కొలిచింది. నూటపద్దెనిమిది. ఇంకోసారి కొలిస్తే నూటపదహారు. అప్పుడు నా ముందే, అమ్మ ముందే డాక్టరుకు ఫోను చేసింది. హిందీలో మాట్లాడింది. నూటపదిహేడు వచ్చిందని దాచకుండా చెప్పింది. ఆ తర్వాత అన్న మాటలు నేను మరిచిపోలేదు. మీరడిగిన నూట ఇరవైకీ, మాకు వచ్చిన నూటపదిహేడుకూ మధ్య ఉన్న తేడా నా చేతికి తెలియదు సార్, నా చెయ్యి అంత గొప్పది కాదు, ఆ తేడా మీద ఈమెకు మత్తివ్వకండి, వారం వారం పెరుగుతూనే వస్తోంది, ఇంకో నెల ఆగండి అంది. అవతల ఆయన ఏదో వాదించాడు. ఈ ఊళ్లో నీ చెయ్యి మీద నమ్మకం ఉన్నట్టు ఇంకెవరి మీదా లేదు, నువ్వే ఇలా అంటే ఎలా అన్నాడట. అందుకే చెబుతున్నాను సార్ అంది.

డాక్టరు నెల ఆగుతానన్నాడు.

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. అమ్మ గట్టెక్కిందని సంతోషం లేకపోలేదు. కానీ నిజం చెప్పాలంటే ఆ క్షణాన సంతోషం కంటే అసూయే ఎక్కువ. నా పేరు, నా చెయ్యి, నా లెక్క అని నేను ఊరంతా పోట్లాడాను. ఆమె తన చేతికి ఉన్న పేరునంతా ఒక్క ఫోనులో తీసి మా అమ్మ కోసం పక్కన పెట్టేసింది. చచ్చినా నా నోట ఆ మాట రాదు. అంత మాట అనగలిగే మనిషి నా పక్క బల్ల దగ్గరే ఎందుకు పని చేయాలి?

నెల దాటేసరికి అమ్మ చెయ్యి నూట నలభై దాటింది. మత్తు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. జడ తనే వేసుకుంది, పోపుల డబ్బా తనే దించుకుంది.

ఆ ఏడాదే ఆమె భర్తకు కర్ణాటకలో ఏదో సిమెంటు ఫ్యాక్టరీకి బదిలీ అయింది. సాగనంపడానికి అమ్మ బల్లార్షా స్టేషనుకు వస్తానంది. వద్దంటే వినదు, తీసుకెళ్లాను. బండి వచ్చే ముందు ఆమె వంగి అమ్మ కాళ్లకు మొక్కి లేచింది. మనిషి బాగా పొడుగు, అమ్మ ఆమె భుజం దాకా కూడా రాదు. అమ్మ ఆ కుడి చెయ్యిని లేపింది. ప్లాట్‌ఫారం మీద అంతమంది చూస్తుండగా ఆ చెయ్యి మెల్లగా పైకి, ఇంకా పైకి వెళ్లి ఆమె నడినెత్తి మీద ఆగింది. అమ్మ ఏమని దీవించిందో నాకు వినపడలేదు. బండి కదులుతుందని కేకలు వేసేదాకా ఆ చెయ్యి దిగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అమ్మ ఎత్తూ నా ఎత్తూ లెక్క వేశాను. నేను అమ్మంత ఎత్తే ఉంటాను. నా తల మీద చెయ్యి పెట్టడానికి అమ్మకు భుజం బాగుపడాల్సిన అవసరమే లేదు, బిగుసుకుపోయిన రోజుల్లోనూ అందేదాన్ని. ఇల్లు చేరగానే వంటింట్లోకి వెళ్లి ప్లాస్టిక్ స్టూలు తెచ్చి అమ్మ ముందు వేసి ఎక్కి నిలబడ్డాను. తల వంచలేదు.

"పెట్టు" అన్నాను.

"ఏందే, నీకేమన్న పిచ్చా?" అంది అమ్మ. నేను దిగలేదు. నా ముఖం చూసి అమ్మకు అర్థమైంది. చెయ్యి లేపింది. చెంప దాటి, చెవి దాటి అది నా నడినెత్తి మీదికి వచ్చింది. నొప్పి పుడుతోందని తెలుసు, అయినా చాల్లే అనలేదు. స్టేషనులో ఆమె తల మీద ఎంతసేపు ఉంచిందో అంతకంటే ఎక్కువసేపు నా తల మీద ఉంచేదాకా నేను ఆ స్టూలు దిగలేదు.